ఫ్రూమా పిన్ని కడసారి బట్టలు

హెన్యా జాబిట్స్కీకి దిగులు పడటానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. ఫోన్ మోగితే ఎవరో పోయారనుకుంటుంది. రెండు రోజులు మోగకపోతే, పోయినవాళ్ళ సంగతి తనకు చెప్పడం మరిచిపోయారనుకుంటుంది. పొయ్యి ఆర్పానో లేదోనని బస్టాపు నుంచి వెనక్కి పరిగెత్తి, చూసుకుని, ఆ కంగారులో ఇంటికి తాళం వేయకుండా బస్సెక్కిన రోజులున్నాయి. విన్నిపెగ్ నగరం ఉత్తరపేటలో ఆమెను ఎరగని యూదుల ఇల్లు లేదు. "హెన్యా వస్తోంది, బాధపడటానికి ఏదైనా ఉంటే వెతికి పెట్టండి" అని ఆమె వెనక నవ్వుకునేవాళ్ళు. నవ్వినవాళ్ళే, ఇంట్లో అమ్మమ్మ పోయి ఆవిడ సామాను ఏం చేయాలో తోచనప్పుడు, మొదట ఫోన్ చేసేది మాత్రం ఆమెకే.

ఆమె తండ్రి లీబర్ కర్మాగారంలో బొచ్చుకోట్లు కత్తిరించేవాడు. ఆమె అదే కర్మాగారంలో కోట్ల లోపలి గుడ్డ కుట్టేది. భర్త మోటెల్ పోయేనాటికి పేట ఖాళీ అవుతోంది. కాస్త డబ్బు చేరినవాళ్ళు నది దాటి దక్షిణానికి, పెద్ద కిటికీల ఇళ్ళలోకి వెళ్ళిపోతున్నారు. వెళ్ళేముందు పాత సామానంతా మంచు మీద పారేసి పోతున్నారు. నాటక సంఘం వాళ్ళు రాజు వేషానికి కట్టిన తలపాగా, దర్జీల సమ్మెలో పట్టుకు తిరిగిన ఎర్ర జెండా, యిడ్డిష్ భాష బడి బెంచీలు, చేపలమ్మే ఆవిడ తక్కెడ. హెన్యా తన కూతురి చిన్నప్పటి మంచుబండిని తాడుతో లాక్కుంటూ వీధి వీధీ తిరిగి వాటిని ఇంటికి చేరేసింది. ఇల్లు నిండింది. కూతురు వచ్చి చూసి, అమ్మకి మతి పోయిందనుకుంది.

మతి పోలేదు. సముద్రం అవతల హెన్యా తల్లి పుట్టిన ఊరు యుద్ధంలో మనుషులతో సహా తుడిచిపెట్టుకుపోయింది. ఆ ఊళ్ళో అన్నం ఏ గిన్నెలో వండేవారో, పెళ్ళిలో ఏ పాట పాడేవారో చెప్పడానికి ఒక్కరూ మిగల్లేదు. అక్కడ చంపి పోగొట్టారు, ఇక్కడ మనమే చెత్తబండికి ఎక్కిస్తున్నాం అని హెన్యా బాధ. ఆ బాధ ఆమె ఎంతమందికి, ఎన్నిసార్లు చెప్పిందంటే, చివరికి వినలేక ఊరి పెద్దలు యూదుల సంఘం భవనంలో మేడ మీద రెండు గదులిచ్చారు. తరవాత చందాలు వచ్చాయి, అద్దాల పెట్టెలు వచ్చాయి, టొరంటోలో చదువుకున్న డాక్టర్ ఆర్నాల్డ్ గరెలిక్ డైరెక్టరుగా వచ్చాడు. మ్యూజియం అంటే మ్యూజియమే అయింది. బట్టల విభాగం హెన్యాది.

ఇన్ని చేసిన మనిషికి ఒక్క పని మాత్రం చేతకాదు. శవాన్ని కళ్ళతో చూడటం. తల్లి పోయిన రోజున, స్నానం చేయించే గది గుమ్మం దాకా వెళ్ళి, లోపల నీళ్ళు పోస్తున్న చప్పుడు విని, కోటు కూడా లేకుండా గడ్డకట్టే చలిలోకి పరిగెత్తింది. అప్పుడు తడిచేతులతో బయటికి వచ్చి, ఆమె భుజాల మీద కోటు కప్పి, లోపలికి వెళ్ళిపోయినావిడ పేరు ఫ్రూమా.

ఫ్రూమా చాల్కిన్ గురించి చెప్పాలి. పిల్లలు లేరు, భర్త ఎప్పుడో పోయాడు. బతికున్నవాళ్ళకి గౌన్లు కుట్టి కడుపు నింపుకుంది, చనిపోయినవాళ్ళకి ఊరికే కుట్టింది. మా యూదుల్లో మనిషి పోతే పవిత్ర సంఘం వాళ్ళు, మగవాళ్ళకి మగవాళ్ళు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళు, స్నానం చేయించి తెల్ల నారబట్టలు తొడుగుతారు. లక్షాధికారికైనా అవే, రోజుకూలీకైనా అవే. జేబు ఉండదు, కుట్టుదారానికి ముడి ఉండదు. ఉత్తరపేటలో సగంమంది ఆడవాళ్ళు ఫ్రూమా కత్తిరించిన బట్టల్లోనే మట్టిలోకి వెళ్ళారు. ఇప్పుడా సంఘంలో ఆడవాళ్ళు నలుగురు మిగిలారు, వాళ్ళకీ మోకాళ్ళ నొప్పులు. బట్టలు న్యూయార్క్ నుంచి ప్లాస్టిక్ సంచుల్లో, సైజులవారీగా వస్తున్నాయి.

ఆ చలికాలం మొదట్లో ఫ్రూమా వాకిట్లో మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రి నుంచి నేరుగా వృద్ధాశ్రమానికి తీసుకెళ్ళారు. ఇక ఇంటికి రాదని తేలిపోయాక, తివాచీల కొట్టున్న ఆమె మేనల్లుడు లెస్టర్ ఇల్లు అమ్మకానికి పెట్టి హెన్యాను పిలిచాడు. కింది సొరుగులో దిండు గలీబులో చుట్టిన మూట కనిపించింది. విప్పితే తెల్ల నారబట్టలు. టోపీ, ముఖం మీద కప్పే గుడ్డ, పాదాల దగ్గర మూసేసిన పైజామా, చొక్కా, పై అంగీ, నడికట్టు. అన్నీ చేతికుట్టు. హెన్యాకి గుండె ఝల్లుమంది, భయంతో కాదు. అలాంటి జత ఆమె వెతుకుతున్నది ఎన్నేళ్ళ నుంచో.

"మా నాన్నమ్మవై ఉంటాయి. తీసుకుపో తల్లీ, చూస్తుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తోంది," అన్నాడు లెస్టర్. మ్యూజియానికి ఇచ్చేస్తున్నట్టు అప్పుడే సంతకం కూడా పెట్టేశాడు.

ఫ్రూమాను ఒక్క మాట అడగాల్సింది. అడగలేదు. తుంటి విరిగి పడుకున్న ముసలావిడ దగ్గర చావుబట్టల ఊసు ఎలా ఎత్తుతారని హెన్యా మొహమాటపడింది. అనవసరమైన వాటికి అంత దిగులుపడే మనిషి, దిగులుపడాల్సిన చోట మర్యాదకు పోయింది.

ఆ చొక్కాకి ఎడమ చెయ్యి అతికించి లేదు. కత్తిరించి, అంచు మడిచి, విడిగా పెట్టి ఉంది. కుడుతుంటే ఎవరో పిలిచి ఉంటారు, మళ్ళీ కూర్చోవడానికి తీరిక దొరికి ఉండదు అనుకుంది హెన్యా. పవిత్ర సంఘం ఆడవాళ్ళ మీద పెట్టబోయే ప్రదర్శనకి ఆ జతే ముఖ్యం. చెక్క బొమ్మకి తొడిగి చూసింది. ఒక చెయ్యి లేకుండా బొమ్మ తెగిపోయిన మనిషిలా నిలబడింది, చూడబుద్ధి కాలేదు. మ్యూజియం బట్టకి కొత్త కుట్టు వేయడం పెద్ద నేరమని ఆమెకు తెలుసు, ఆ మాట కొత్తవాళ్ళకి చెప్పేది తనే. అయినా సన్నటి తెల్లదారం తీసుకుని, ఫ్రూమా వేసినట్టే వదులు కుట్లతో, ముడి లేకుండా చెయ్యి అతికించేసింది. మెడ వెనక మ్యూజియం నంబరున్న చిన్న నాడా ముక్క కూడా కుట్టింది. గరెలిక్‌కి చెప్పలేదు.

ఆదివారం ప్రదర్శన మొదలైంది. జనం బాగా వచ్చారు, తేనె కేకు సరిపోలేదు. సోమవారం పొద్దున ఆశ్రమంలో ఫ్రూమాకి పక్షవాతం వచ్చింది.

బుధవారం ఈడా కొగన్ ప్రదర్శన చూడటానికి వచ్చింది. మిగిలిన నలుగురి సంఘానికి పెద్ద ఈవిడే. కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడి, ఇవి ఎవరివని అడిగింది. లెస్టర్ నాన్నమ్మవని హెన్యా చెప్పింది.

"ఆవిడ ఈ దేశానికి ఓడ ఎక్కితేగా? అక్కడే పోయింది. ఇవి ఫ్రూమావి," అంది ఈడా. "అధిక మాసంలో కుట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుందని ఆ ఏడాది కూర్చుని కుట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను." మళ్ళీ వంగి చూసి, "ఎడమ చెయ్యి కుట్టకుండా వదిలేసిందే. ఎవరు కుట్టారు?"

హెన్యా తెలియదంది.

ఈడా తలాడించి, వాళ్ళమ్మ ఊళ్ళో అదో పద్ధతని చెప్పింది. మృత్యుదూత వచ్చి సొరుగు లాగి చూస్తాడట. బట్టలు పూర్తి కాలేదు కదా, సరే మరోసారి వద్దామని వెళ్ళిపోతాడట. అందుకే ఫ్రూమా తొంభై దాటినా ఎవరికీ చిక్కలేదని, గడుసుపిండమని నవ్వింది. వెళ్తూ వెళ్తూ, ఫ్రూమాకి ఎడమ చెయ్యి మొత్తం పడిపోయిందట, డాక్టర్లు ఇంక ఎక్కువ రోజులు లేవంటున్నారని కూడా చెప్పి వెళ్ళింది.

ఎడమ చెయ్యి. ఇవన్నీ ఒట్టి మాటలని హెన్యాకి తెలుసు. ప్రదర్శన గోడ మీద 'మూఢనమ్మకాలు' అనే శీర్షిక కింద ఇలాంటివే నాలుగు రాసి పెట్టింది తనే. కానీ తెలిసినదంతా తల్లో ఉంది, భయం పొట్టలో ఉంది. తను కుట్టింది, ప్రదర్శన మొదలైన మర్నాడే ఆవిడ పడిపోయింది. అటు ఎవరూ చూడటం లేదని చూసుకుని మూడుసార్లు తూ తూ తూ అని ఉమ్మింది.

మర్నాడు ఆశ్రమానికి వెళ్ళింది. ఫ్రూమా మంచంలో పిడికెడంత అయిపోయింది. నోరు ఒక పక్కకి లాగేసింది కానీ మాట తెలుస్తోంది. హెన్యాని గుర్తుపట్టి, బొచ్చుకోట్ల లీబర్ కూతురివి కదూ అంది. తరవాత ఒకటే మాట, తన మూట ఎక్కడని. మ్యూజియంలో ఉందని లెస్టర్ చెప్పాడట. భద్రంగా ఉంది పిన్నీ, గాలీ వెలుతురూ తగలకుండా అద్దంలో పెట్టామని హెన్యా చెప్పింది.

"భద్రంగా ఉండి నాకేం లాభం? అవి కట్టుకోవడానికి కుట్టుకున్నాను," అంది ఫ్రూమా. "తెచ్చిపెట్టు. ప్లాస్టిక్ సంచీలో వచ్చినవి తొడిగారంటే ఊరుకోను. అందరికీ నా చేత్తో కుట్టాను, నావి నాకుండాలి."

కుట్టిన చెయ్యి సంగతి హెన్యా దాచేసింది. తెస్తానని మాటిచ్చి బయటపడింది. బస్సులో దారి పొడుగునా లెక్కలు వేసుకుంది. ఇవ్వకపోతే ఆవిడ కోరిక తీరకుండా పోతుంది. ఇస్తే ఆ కుట్టు కనిపిస్తుంది, చంపింది నువ్వేనని ఆవిడ కళ్ళు చెబుతాయి. అయినా తేవాలి, మాటిచ్చింది.

నేరుగా గరెలిక్ గదికి వెళ్ళింది. గరెలిక్ చెడ్డవాడేం కాదు. చిన్నప్పుడు హెన్యా వాళ్ళ పక్కింట్లోనే పెరిగాడు, చీమిడి ముక్కు ఆర్నీగా తిరిగినప్పటి నుంచి ఆమెకు తెలుసు. కుర్చీలో కూర్చున్నాక మాత్రం డాక్టర్ గారే. అంతా విన్నాడు. మేనల్లుడు రాసిచ్చాడు కాబట్టి అది ఇప్పుడు మ్యూజియం సొత్తని, బయటికి వెళ్ళాలంటే ట్రస్టీలు ఒప్పుకోవాలని, వాళ్ళు కూర్చునేది వసంతంలో వచ్చే పస్కా పండగయ్యాకనే అని చెప్పాడు.

"ఇవాళ ఇది ఇస్తే, రేపు ఇంకొకరొచ్చి మా తాత సమోవర్ ఇవ్వండి, టీ కాచుకోవాలంటారు హెన్యా గారూ."

"సమోవర్ కోసం ఎవరూ ప్రాణం బిగబట్టుకుని పడుకోలేదు, ఆర్నీ."

అతను నొచ్చుకున్నాడు. లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. న్యూయార్క్ నుంచి కొత్త జత తనే తెప్పిస్తానన్నాడు, మట్టిలో అందరికీ ఒకటేగా అన్నాడు. ఆ మాటకి హెన్యా చలించలేదు. తరవాత అన్న మాటకే చలించింది.

"ఇలా చేత్తో కుట్టిన జత ఇంకొకటి ఎక్కడుందో చూపించండి. ఇది మట్టిలో కలిసిపోతే, ఇలా కుట్టేవాళ్ళని రేపటి పిల్లలు ఎక్కడ చూస్తారు? ఇన్నాళ్ళూ మీరు ఊళ్ళో అందరితో దెబ్బలాడింది దీనికోసమేగా?"

అది ఆమె మాటే. ఆ మాట పట్టుకునే వీధుల్లో మంచుబండి లాగింది. ఇప్పుడు అదే ఎదురొచ్చి నిలబడింది. సంచీ తీసుకుని లేచి వచ్చేసింది.

తరవాతి నాలుగైదు రోజులు హెన్యా ఎలా గడిపిందో ఆమెకే తెలియాలి. ఆశ్రమం నర్సు ఫోన్ చేసి, ఆవిడ మీరు ఎప్పుడొస్తారని అడుగుతోందండీ అని చెప్పేది. మ్యూజియంలో ఏ పనిమీద నడిచినా ఆ అద్దాల పెట్టె ముందు నుంచే వెళ్ళాలి. బొమ్మ ఎడమ చెయ్యి, మిగతా అన్నింటికన్నా తెల్లగా కనిపించేది.

మంగళవారం మధ్యాహ్నం, గరెలిక్ సూపు తాగడానికి కిందికి వెళ్ళినప్పుడు, ఆమె తాళం తీసింది. అప్పటికి ఆమె ఆలోచన దొంగతనం కాదు. సంచీలో చిన్న కత్తెర ఉంది. ఆ కుట్టు విప్పేస్తే మృత్యుదూత మరోసారి వెనక్కి పోతాడు, ఫ్రూమా లేచి కూర్చుంటుంది, బట్టలతో ఆవిడకి ఇప్పట్లో పనుండదు, మ్యూజియం సొత్తు మ్యూజియంలో ఉంటుంది. ఇంత చదువుతో పెట్టిన ప్రదర్శన మధ్యలో నిలబడి అరవై ఏళ్ళ ఆడమనిషి నిజంగానే ఇలా లెక్క వేసింది. నవ్వొస్తే నవ్వండి. కత్తెర మొన మొదటి కుట్టు కిందికి వెళ్ళింది, అక్కడ ఆగింది.

విప్పినా ఆవిడ పోతే? ఒంటి చేతి చొక్కా మిగులుతుంది, అదీ అద్దంలో. ఆవిడ ప్లాస్టిక్ సంచీ బట్టల్లో పోతుంది. హెన్యా కత్తెర సంచీలో వేసేసింది. చేతులకున్న తెల్ల తొడుగులు లాగిపారేసి, బొమ్మకున్న బట్టలన్నీ ఊడదీసి, మడిచి, కోటు లోపల పెట్టుకుని బొత్తాలన్నీ పెట్టుకుంది. మెయిన్ వీధిలో బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది, ఆగినప్పుడల్లా తనను పట్టుకోవడానికే ఎవరో ఎక్కుతున్నారనుకుంది.

ఫ్రూమా మేలుకునే ఉంది. హెన్యా ఒక్కొక్కటే పక్క మీద పరిచింది. పడిపోని చేత్తో ఫ్రూమా తడిమింది. టోపీ, పైజామా, అంగీ. తనవేనని తలాడించింది. చొక్కా మీద చెయ్యి మెల్లగా ఎడమ భుజం దగ్గరికి వెళ్ళి, కుట్టు వెంట ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిచి, నిలిచిపోయింది.

"ఇదెవరు కుట్టారు?"

తెలియదనొచ్చు. ఈడాకి అలాగే చెప్పింది. "నేనే పిన్నీ," అంది హెన్యా. "బొమ్మకి తొడగాలని కుట్టాను. మీవని తెలీదు, ఎందుకు వదిలారో తెలీదు. తెలిస్తే ముట్టుకునేదాన్నా? మీకిలా అయింది నావల్లే. కత్తెర తెచ్చాను, ఇప్పుడే విప్పేస్తాను." ఆపైన ఏడ్చేసింది.

"ముడి వేశావా?"

"లేదు."

ఫ్రూమా మళ్ళీ కుట్టు తడిమింది. తరవాత ఆ వంకర నోటితోనే నవ్వింది. "ఈడా చెప్పిందా, దూత సొరుగులు వెతుకుతాడని? దానికి ఎప్పుడూ సగమే వినపడుతుంది. ఆయనకి పనీ పాటా లేదా?" కాస్త ఊపిరి తీసుకుని చెప్పింది. "మా అమ్మ వాళ్ళ ఊళ్ళో ఎవరివి వాళ్ళు కుట్టుకుంటారు. ఒక్క చెయ్యి వదిలేస్తారు. అది ఇంకొకరు కుట్టాలి. చచ్చాక మన చెయ్యి మనం తొడుక్కోలేం కదా, ఆ మాట మరిచిపోకూడదని. మన సంఘంలో గోల్డాది నేను కుట్టాను. పేషాది నేను కుట్టాను. నాది కుట్టాల్సినవాళ్ళవన్నీ నేనే కుట్టేశాను. ఇక నాకెవరున్నారని, ఆ సొరుగు తెరిచినప్పుడల్లా బెంగగా ఉండేది."

హెన్యా ముక్కు తుడుచుకుంటూ వింటోంది. ఇన్నాళ్ళ నుంచి గుండె మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోతున్నట్టుంది. కానీ ఫ్రూమా ఇంకా పూర్తి చేయలేదు.

"కుట్టినవాళ్ళే ఆ చేతిని తొడగాలి. అది కూడా పద్ధతే."

హెన్యా మంచం పక్క నుంచి వెనక్కి జరిగింది. "నావల్ల కాదు పిన్నీ. నాకు భయం. మా అమ్మనే చూడలేకపోయాను."

"తెలుసు. నీకు కోటు కప్పింది నేనేగా," అంది ఫ్రూమా. "భయపడుతూనే తొడుగు. వద్దన్నానా?"

తరవాత ఆవిడ వేలికి మెడ వెనక నాడా ముక్క తగిలింది. అదేమిటంది. మ్యూజియం నంబరని హెన్యా చెప్పింది.

"తీసెయ్. యుద్ధంలో చేతుల మీద నంబర్లతో పోయినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. నాకో పేరుంది. ఫ్రూమా, మెండెల్ కూతుర్ని."

హెన్యా కత్తెర తీసి, నంబరు కుట్టు విప్పింది. మూట మళ్ళీ గలీబులో చుట్టి ఫ్రూమా తలగడ పక్కన పెట్టింది. బయటికి వచ్చేసరికి నర్సు, మీకు మ్యూజియం నుంచి ఫోనని చెప్పింది. గరెలిక్ అవతల నుంచి అరుస్తున్నాడు. బడిపిల్లలు బస్సు దిగి వచ్చి చూస్తే పెట్టెలో చెక్క బొమ్మ బట్టల్లేకుండా నిలబడి ఉందట, పిల్లలు ఒకటే ఇకిలింపులట. ఉద్యోగం తీయించేస్తానన్నాడు, పోలీసులన్నాడు. హెన్యా ఏ మాటకీ అడ్డు చెప్పకుండా, ఆ చేతి కథంతా చెప్పింది.

"ఇదంతా ఎక్కడైనా రాసి ఉందా?" అని అడిగాడు, అరుపు ఆపి.

"లేదు."

"పోనీ ఫోటో తీశారా?"

"లేదు, ఆర్నీ."

"మీరేం మ్యూజియం మనిషండీ?" అన్నాడు. గొంతులో కోపం లేదు, దాదాపు ఏడుపులా ఉంది. ఆవిడ దగ్గరికి వెళ్ళి చెప్పించుకుని అంతా రాసుకోవాలని మర్నాడే బయలుదేరాడు. అతను వెళ్ళేసరికి ఫ్రూమాకి మాట పోయింది. అరగంట పక్కన కూర్చుని, తెల్లకాగితాలతోనే తిరిగొచ్చాడు.

గురువారం మధ్యాహ్నానికి ఫ్రూమా పోయింది. శుక్రవారం సాయంత్రం విశ్రాంతి దినపు సబ్బాతు దీపాలు పెట్టేలోగా పాతిపెట్టాలి. పొద్దున్నే ఈడా ఫోన్ చేసి, మేం ముగ్గురమే వచ్చాం, రోజాకి కాలు లేవడం లేదు, నువ్వొస్తావా రావా అంది. హెన్యా పొయ్యి ఆర్పానా లేదా అని చూసుకోవడం కూడా మరిచిపోయి బయలుదేరింది.

స్నానం చేయించే గది గుమ్మం దగ్గర ఆగింది. లోపల బల్ల మీద తెల్లదుప్పటి కింద ఎత్తుగా ఉన్నది చూసింది, చూపు నేల మీదికి తిప్పేసుకుంది. మనసులో ఏవేవో సాకులు పుట్టాయి. కళ్ళు తిరుగుతున్నాయని చెప్పొచ్చు, అది అబద్ధం కూడా కాదు. ఈడా ఒక ఏప్రన్ అందించింది. హెన్యా కట్టుకుంది.

నలుగురూ చుట్టూ నిలబడ్డాక ఈడా, ఫ్రూమా, మెండెల్ కూతురా, మా చేతుల్లో నీకేదైనా మర్యాద తప్పితే మన్నించు అని చెప్పింది. ఆపైన ఆ గదిలో అవసరమైన మాట తప్ప మాట్లాడకూడదు. నీళ్ళు పోశారు. ఆ చప్పుడు హెన్యా గోడకి ఆనుకుని విన్నది, ఈసారి పారిపోలేదు. తుడిచారు. టోపీ పెట్టారు, పైజామా తొడిగారు. శవం మీదుగా ఒకరికొకరు ఏదీ అందించుకోకూడదు కాబట్టి, ఈడా చొక్కా పట్టుకుని బల్ల చుట్టూ తిరిగి హెన్యా దగ్గరికి వచ్చింది. కుడి చెయ్యి ఈడా తొడిగింది. తల మీదుగా దించారు. ఎడమ చెయ్యి మిగిలింది.

ఎలా తొడగాలో హెన్యాకి తెలియదు. బొమ్మలకి చేతులు ఊడదీసి తొడుగుతారు. ఈడా ఊరికే సైగ చేసి చూపించింది, చంటిపిల్లకి తొడిగినట్టే. మణికట్టు వైపు నుంచి నీ చెయ్యి లోపలికి పోనిచ్చి, ఆవిడ చెయ్యి అందుకుని, ఇవతలికి తెచ్చుకోవాలి.

హెన్యా ఆ నారగుడ్డలోకి తన చెయ్యి పెట్టింది. మోచేతి దాకా వెళ్ళింది. పైన తను వేసిన కుట్లు వేళ్ళ వెనక గరుకుగా తగిలాయి. వాటిని దాటాక, చల్లటి వేళ్ళు. చెయ్యి వెనక్కి తీసుకోబోయి, తీసుకోలేదు.

"పట్టుకున్నావా?" అని అడిగింది ఈడా.

"పట్టుకున్నాను," అంది హెన్యా.